స్కూట్ తెలిసినవాళ్ళు: బెజవాడ, గుంటూరు పేకాట గదుల జ్ఞాపకాలు

పేకాట మీద బతికినవాణ్ణి గుర్తుపట్టాలంటే వాడు కొట్టిన షోలు, అంటే ముక్కలన్నీ కలిశాయని బల్ల మీద పరిచి గెలిచినవి, చూడకూడదు, పారేసిన ఆటలు చూడాలి. ఎనభైల్లో, తొంభైల్లో బెజవాడ గవర్నర్‌పేట, గాంధీనగర్ మేడగదుల్లో, గుంటూరు అరండల్‌పేట, బ్రాడీపేట అడ్డరోడ్ల మీద సాయంత్రం ఐదు కొట్టేసరికి రమ్మీ బల్లల చుట్టూ కుర్చీలు నిండిపోయేవి. రోజూ ఆడేవాళ్ళు చాలామందే. ప్లీడర్లు, రిటైరైన మేష్టర్లు, ట్రాన్స్‌పోర్టు వాళ్ళు, మిర్చి కొట్ల యజమానులు, సినిమా డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు. ఆటతోనే ఇల్లు గడిపినవాళ్ళు మాత్రం ఊరు మొత్తానికి వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. వాళ్ళని పైకి చూస్తే ఏమీ తెలిసేది కాదు. ఇస్త్రీ చొక్కా, జేబులో చిన్న దువ్వెన, నోట్లో వక్కపలుకు. గట్టిగా మాట్లాడరు. ముక్క బల్లకేసి కొట్టరు. పంచిన చేయి, అంటే తనకొచ్చిన ముక్కలు, ఎత్తి, విప్పి, ఒక్క చూపు చూసి, మూసి, బోర్లా పెట్టి "స్కూట్" అనేవాళ్ళు, ఈ ఆట ఆడను, తప్పుకుంటున్నానని. గంటలో నాలుగైదుసార్లు వినపడేది ఆ మాట. కొత్తగా వచ్చినవాడు ‘ఈయనకి ఇవాళ ముక్కలు పడటంలేదు పాపం’ అనుకునేవాడు.

ముందు ఆ గదుల సంగతి చెప్పాలి. ఆ ఏర్పాట్లలో ఒక్కటీ ఊరికే పెట్టింది కాదు. గుండ్రటి బల్ల, దాని మీద మందపాటి కంబళి, కంబళి మీద బిగించి కట్టిన తెల్లటి దుప్పటి. ఉత్త చెక్క మీద ముక్క అంటుకుపోతుంది, ఎత్తాలంటే గోరు పెట్టాలి, గోరు పెడితే అంచున గాటు పడుతుంది, గాటు పడిన ముక్క రెండో ఆటకే అందరికీ గుర్తయిపోతుంది. కంబళి మెత్తగా ఉంటుంది కాబట్టి వేలితో నొక్కితే ముక్క అంచు తనే లేస్తుంది. లైటు సరిగ్గా బల్ల నడిమిన వేలాడాలి. ఎవరి వీపు వెనకైనా ఉంటే వాళ్ళ చేతిలో ముక్కలు ఎదుటివాడి కళ్ళద్దాల్లో కనపడతాయి. టీ గాజు గ్లాసుల్లోనే ఇచ్చేవాళ్ళు, అదీ పక్కన స్టూలు మీద. నున్నగా తోమిన స్టీలు గ్లాసు బల్ల మీదుంటే పంచేవాడి చేతి కింద అది అద్దమైపోతుంది. వెండి సిగరెట్ పెట్టె, పెద్ద రాయి ఉంగరం, చేతిగడియారం డయలు, అన్నిటి మీదా అదే అనుమానం. పాత క్లబ్బుల్లో పంచే ముందు గడియారం తిప్పి కట్టుకోమనడం మర్యాద తప్పడం కాదు.

ఫ్యాను ఇంకో తలనొప్పి. రోహిణి కార్తెలో బెజవాడ మేడగదిలో ఫ్యాను లేకుండా పది నిమిషాలు కూర్చోలేం. వేగంగా తిప్పితే క్లోజు పేక, అంటే ఎత్తుకోవడానికి బోర్లా పెట్టిన పేక, పై ముక్క లేచిపోతుంది. లేచిన ముక్కని ఇద్దరు చూసి నలుగురు చూడకపోతే ఆ ఆట చెడిపోయినట్టే, మళ్ళీ పంచాల్సిందే. అందుకని బల్ల మీది ఫ్యాను నెమ్మదిగా తిరిగేది, గోడవారన పెడస్టల్ ఫ్యాను మనుషుల వీపులకి గాలి కొట్టేది. వానాకాలంలో కాగితపు ముక్కలు చెమ్మకి ఉబ్బి ఒకదానికొకటి అతుక్కునేవి. రెండు ముక్కలు ఒకటిగా రావడం, పద్నాలుగో ముక్క చేతిలో ఉండిపోవడం, తీరా షో కొట్టాక లెక్క తేలకపోవడం ఆ నెలల్లో మామూలు. చిటికెడు పౌడరు అరచేతికి రాసుకుని కలిపితే ముక్కలు జారతాయి. ఎక్కువ రాస్తే వెనకవైపు తెల్లటి వేలిముద్రలు పడతాయి, అది ఇంకా ప్రమాదం. ప్లాస్టిక్ ముక్కలొచ్చాక పౌడరు అవసరం పోయింది, గాటు పడటం కూడా తగ్గింది. పాతవాళ్ళు కొందరు మాత్రం వాటిని చాన్నాళ్ళు ఒప్పుకోలేదు. జారిపోతున్నాయనీ, చేతిలో విసనకర్రలా నిలవడం లేదనీ విసుక్కునేవారు.

ఇక ఆట. పదమూడు ముక్కలకి రెండు పేకలు, పేకకొక అచ్చు జోకరు, మొత్తం 106 ముక్కలు. మొదలెట్టే ముందు లెక్క చూడటం బాయ్ పని. ఆటకి ముందు సీట్లకి ముక్కలు తీసేవాళ్ళు. పేక పరిచి తలా ఒకటి తీస్తే పెద్ద ముక్క వచ్చినవాడు ముందు కూర్చుంటాడు, మిగతావాళ్ళు వరసలో. ఇది లాంఛనం కోసం కాదు. రమ్మీలో మన పైవాడు, అంటే మనకి ముందు ఆడేవాడు, పారేసిన ముక్కే మనకి అందుతుంది. స్నేహితులిద్దరు పక్కపక్కన కూర్చుంటే పైవాడు కిందవాడికి మేత వేస్తూ పోవచ్చు, దొరకబట్టడం చాలా కష్టం. సీట్లు ముక్కలు తీసి వేసుకుంటే ఆ అవకాశం సగానికి సగం పోతుంది. ఏ బల్ల దగ్గరైనా "ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుందాం బావా, ముక్కలు తీయడమెందుకు" అని ఎవరైనా అన్నారంటే తెలిసిన ఆటగాడు ఆ పూట చెప్పులేసుకునేవాడు.

కలపడం గురించి ఎక్కువమంది పట్టించుకోరు. షో అయ్యాక బల్ల మీద పడే ముక్కలు ఊరికే పడవు. ఒకే రంగు (ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరుల్లో ఒకటి) వరస ముక్కల సీక్వెన్సులుగా, ఒకే అంకె ముక్కల సెట్లుగా గుత్తులు గుత్తులుగా పడతాయి. రెండుసార్లు పైపైన కలిపి పంచితే ఆ గుత్తులు విడిపోవు. ఆఠీను 7, 8, 9 పేకలో దగ్గరదగ్గరగానే ఉండిపోతాయి. ఒక్క పేక, అంటే 52 ముక్కలు, బాగా కలవాలంటే రెండు భాగాలు చేసి ఒకదాన్లోకి ఒకటి జొనిపే పద్ధతిలో ఏడుసార్లు కలపాలని బేయర్, డయకోనిస్ అనే గణితవేత్తలు 1992లో లెక్కగట్టి చూపించారు. రెండు పేకలకి ఇంకా ఎక్కువ కావాలి. బెజవాడలో ఎవరూ ఆ పేపరు చదివి ఉండరు గానీ మంచి క్లబ్బుల్లో మొత్తం ముక్కలు బోర్లా పరిచి రెండు చేతులతో బల్లంతా తిప్పి, పోగుచేసి, ఆ తర్వాతే కలిపేవాళ్ళు. కలిపాక పంచేవాడికి కుడిపక్కవాడు కోత పెట్టాలి. కోసేటప్పుడు పేక పైకెత్తకూడదు, ఎత్తితే అడుగు ముక్క కనపడుతుంది. అక్కడ మెడ సాచినవాడికి ఆ గదిలో జీవితాంతం మంచి పేరుండేది కాదు.

పంచాక జోకరు తిప్పుతారు, ఆ అంకె ముక్కలన్నీ ఏ ముక్క బదులైనా చెల్లుతాయి. ఇక్కణ్ణించి వృత్తి ఆటగాడి లెక్క మొదలవుతుంది. తిప్పిన ముక్క అంకె రెండు పేకల్లో ఎనిమిది ఉంటాయి. ఒకటి బయటపడింది, ఏడు మిగిలాయి. అచ్చు జోకర్లు రెండు కలిపితే తొమ్మిది. ఆరుగురు ఆడితే 78 ముక్కలు చేతుల్లో ఉంటాయి. సగటున మనిషికి ఒక జోకరు, ఇంకాస్త. అంటే జోకరు లేని చేయి సగటుకి తక్కువ చేయి. దాంట్లో జోకరు లేని సీక్వెన్సు, అంటే ఒరిజినల్, సిద్ధంగా లేకపోతే ఆ చేతికి పనేమీ లేదు. పంచిన 78, తిప్పిన జోకరు, పారేసే చోట మొదట తెరిచి పెట్టే ఓపెన్ ముక్క పోగా క్లోజులో మిగిలేవి 26. ఆరుగురూ ఆడితే నాలుగు రౌండ్లు దాటగానే అవి అయిపోతాయి. నాలుగైదు ఎత్తుల్లో, అంటే ముక్క ఎత్తుకునే వంతుల్లో, ఆట కట్టగలిగిన చేయేనా ఇది అన్నదొక్కటే ప్రశ్న.

101 పూల్‌లో, అంటే తలా ఇంతని కట్టి, ఓటమి పాయింట్లు 101కి చేరినవాడు అవుటయ్యే ఆటలో, మొదటి ఎత్తుకి ముందే పారేస్తే స్కూట్, 20 పాయింట్లు. మధ్యలో పారేస్తే మిడిల్ స్కూట్, 40. ఒరిజినల్ పడకుండా దొరికిపోతే చేతిలో ముక్కలన్నీ లెక్కకొస్తాయి, ఫుల్ కౌంటు 80. రాంగ్ షో కొట్టినా 80. ఆసు, రాజు, రాణి, జాకీ తలా పది. 201 పూల్‌లో స్కూట్ 25, మిడిల్ 50, ఫుల్ అదే 80. ఇప్పుడు గుణకారం చూడండి. ఆడి ఓడినప్పుడు సగటున 40 పడుతుందనుకుంటే, ఆ చేయి సగానికి పైగా గెలిచేదైతే తప్ప 20 ఇచ్చి తప్పుకోవడమే లాభం. సగటున 30కే ఆపుకోగల నేర్పున్నా మూడింట ఒకటి గెలవాలి. ఆరుగురి బల్లలో సగటు చేతికి గెలుపు ఆరింట ఒక వంతు. అంటే ‘ఫర్వాలేదు, ఆడొచ్చు’ అనిపించే చేయే పారేయాల్సిన చేయి. ఈ లెక్క కాగితం మీద వేసినవాళ్ళు తక్కువ, ఒంటపట్టించుకున్నవాళ్ళే ఇల్లు గడిపారు. ఐదుసార్లు స్కూటయినా స్కోరు వందే, 101 పూల్‌లో ఇంకా బతికే ఉంటాడు. ఒక్క ఫుల్ కౌంటు నాలుగు స్కూట్లు తినేస్తుంది.

కానీ స్కూటొక్కటే తెలిస్తే చాలదు. ఎన్నో సీట్లో ఉన్నాడన్నది కూడా చూడాలి. చివర చెప్పే సీట్లో ఉన్నవాడికి అప్పటికే ముగ్గురు తప్పుకున్నారో, అందరూ ఆడుతున్నారో తెలిసిపోతుంది. ముగ్గురు తప్పుకుంటే సగటు చేయి కూడా ఆడదగ్గ చేయవుతుంది. పైగా వాళ్ళు పారేసిన చేతుల్లో జోకర్లు తక్కువ ఉంటాయి, లేవు కాబట్టే పారేశారు. కాబట్టి మిగిలిన చేతుల్లోనూ క్లోజులోనూ జోకర్ల పాలు పెరుగుతుంది. అలాగే ఆ 39 ముక్కలు లోకంలోంచి మాయమైనట్టే. మనకి కావలసిన కళావరు 6 రెండూ అక్కడే పడుకుని ఉండొచ్చు. ఆ అనుమానంతోనే ఒక్క ముక్క మీద ఆశపెట్టుకున్న చేతిని వాళ్ళు రెండో ఎత్తుకే మార్చేసేవాళ్ళు.

ఎదురుచూసే ముక్కల లెక్క అందరికీ తెలిసినట్టే ఉంటుంది గానీ ఆడేటప్పుడు మరిచిపోతారు. చేతిలో ఇస్పేటు 6, 7 ఉంటే అటు 5, ఇటు 8, రెండు పేకల్లో కలిపి నాలుగు ముక్కలు పనికొస్తాయి. 6, 8 ఉంటే నడిమి 7 ఒక్కటే, రెండు ముక్కలు. వేర్వేరు రంగుల జత 7లుంటే మిగతా రెండు రంగులవి, నాలుగు. ఆసు, రాజు, రెండు మాత్రం రెండేసి వరసల్లోనే ఇముడుతాయి, మిగతావన్నీ మూడింట్లో. అందుకే రాజు చివరి నిమిషం దాకా చేతిలో ఉంచుకునేవాడికి పాయింట్ల బరువూ ఎక్కువే, ఉపయోగమూ తక్కువే. అయినా రాజుల్ని వదలలేనివాళ్ళు ప్రతి బల్ల దగ్గరా ఇద్దరుంటారు. వాళ్ళ మీదే ఆటగాళ్ళ భోజనాలు నడిచేవి.

ఎర వేయడం అసలైన సరదా. ఇస్పేటు 8, 10 పట్టుకుని 9 కోసం చూస్తున్నవాడు తన దగ్గరున్న కళావరు 9 ముందే పారేస్తాడు. తొమ్మిదులు ఇతనికి అక్కర్లేదనుకుని పైవాడు ఇస్పేటు 9 నిశ్చింతగా వదులుతాడు. అది మూడో ఎత్తులోపే పనిచేస్తుంది, ఆ తర్వాత అందరూ పడ్డ ముక్కలు గుర్తుపెట్టుకుని ఉంటారు. ఎర వేసిన చేయి కనపడకుండా ఉండాలంటే ముక్కలు సర్దుకునే తీరు కూడా మారాలి. మామూలు మనుషులు రంగుల వారీగా, చిన్నది ఎడమ, పెద్దది కుడి అని సర్దుకుంటారు. ఎత్తిన ముక్క ఎక్కడ దోపాడు, పారేసిన ముక్క ఎక్కణ్ణించి తీశాడు అన్నది చూస్తే చేయి సగం చదవొచ్చు. కుడి చివరి ముక్క పదేపదే వేలితో తడుముతున్నాడంటే అది జోకరు. గట్టి ఆటగాడు సర్దుకోడు, సర్దుకున్నా ఎత్తిన ప్రతి ముక్కా మధ్యలో ఒకేచోట దోపి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు పారేస్తాడు. పనికొచ్చినా అంతే, పనికిరాకపోయినా అంతే. "ముక్క వెయ్యండి మాస్టారూ, తెల్లారేలా ఉంది" అని పక్కవాళ్ళు విసుక్కున్నా ఆ క్షణం మాత్రం వదిలేవాళ్ళు కాదు.

ఇంతా తెలిసీ డబ్బు ఎందుకు నిలిచేది కాదంటే టేబుల్ డబ్బులు. పూల్‌కి ఇంతని క్లబ్బు తీసుకుంటుంది. లెక్క కోసం తలా వంద, ఆరుగురు, పూల్ ఆరువందలు అనుకోండి. నూటికి ఐదు తీసినా పూల్‌కి ముప్ఫై. రాత్రికి ఎనిమిది పూల్స్ నడిస్తే 240, దాదాపు రెండున్నర సీట్ల డబ్బు బల్ల మీంచి లేచిపోయినట్టు. ఆరుగురూ సమానమైనవాళ్ళయితే ఆరుగురూ ఓడతారు. ఇద్దరు తెలియనివాళ్ళు కూర్చుంటే తప్ప తెలిసినవాడికి మిగిలేదేమీ ఉండదు. అందుకే నిజమైన ఆటగాడు బల్లని ఎంచుకునేవాడు. తనంతటివాళ్ళు ముగ్గురుంటే పేపరు చదువుకుంటూ బయట బెంచీ మీద కూర్చునేవాడు. క్లబ్బులవాళ్ళకి ఇది నచ్చేది కాదు, సీటు ఖాళీగా ఉంటే వాళ్ళకి నష్టం.

రీజాయిన్ ఇంకో గొయ్యి. 101లో అవుటైనవాడు మళ్ళీ పూల్ కట్టి చేరాలంటే మిగిలినవాళ్ళలో అందరికంటే ఎక్కువ స్కోరు 79 దాటకూడదు. చేరాక ఆ స్కోరు మీద ఒకటి కలిపి రాస్తారు. అది 79 అయితే 80తో మొదలు, ఒక్క స్కూటుకే సరి. 80 దాటితే అదీ లేదు, కంపల్సరీ. పంచిన చేయి ఎలా ఉన్నా ఆడి తీరాలి. రెట్టింపు డబ్బు కట్టి చిట్టచివరి మెట్టు మీద నిలబడటం అది. ఓడిన ఉక్రోషంలో మనిషి ఆ మెట్టే ఎక్కుతాడు. వృత్తివాళ్ళు రీజాయిన్ అయ్యింది చాలా అరుదు, అదీ మిగిలినవాళ్ళ స్కోర్లన్నీ నలభై లోపుంటేనే.

ఆటగాడి వెనక వాటాదారు ఉండటం గుంటూరు మిర్చి సీజన్లో ఎక్కువ. ఫిబ్రవరి నుంచి వేసవి దాకా యార్డుకి సరుకు పోటెత్తుతుంది, బయటి ఊళ్ళ వ్యాపారులు లాడ్జీల్లో దిగుతారు, పెద్ద పందేలు అప్పుడే. పెద్ద బల్లకి సొంత డబ్బుతో కూర్చోలేని ఆటగాణ్ణి డబ్బున్నవాడు కూర్చోబెట్టేవాడు. వచ్చిందాంట్లో సగం సగం. పోతే పోయింది పెట్టుబడిదారుడిదే, అయితే ఆ బాకీ తీరాకే ఆటగాడికి మళ్ళీ సగం. ఇప్పుడు పోకర్ కుర్రాళ్ళు స్టేకింగ్, మేకప్ అని చెప్పుకుంటున్న ఏర్పాటు అక్షరాలా ఇదే. ఇందులో చెడేది ఒక్కచోట. బాకీ పెరిగిపోయాక ఆటగాడికి గెలిచినా చేతికేమీ రాదు, దాంతో జాగ్రత్త సడలుతుంది, స్కూట్ చేయాల్సిన చేతులు ఆడటం మొదలెడతాడు. తెలిసిన పెట్టుబడిదారుడు అక్కడ ఆపి, పాత బాకీ కొంత కొట్టేసి మళ్ళీ మొదలెట్టేవాడు.

డబ్బులేని ఆట కూడా ఉండేది, దాని నేర్పు దానిదే. బెజవాడ నుంచి గుంటూరు ప్యాసింజర్లో సీజన్ టికెట్ ఉద్యోగులు నలుగురి మోకాళ్ళ మీద తువ్వాలు పరిచి ఆడేవాళ్ళు. బండి కృష్ణ దాటి కృష్ణా కెనాల్ జంక్షన్ వచ్చేసరికి మొదటి పంపకం అయిపోవాలి. మంగళగిరి, నంబూరు, పెదకాకాని దాటి గుంటూరు చేరేలోపు ఆట ముగించాలి. పూల్ పనికిరాదు, ఎప్పుడు తేలుతుందో తెలియదు. ఇన్ని పంపకాలని ముందే అనుకుని ఆడేవాళ్ళు. ఓడినవాడు స్టేషన్ బయట టీలు ఇప్పించాలి. తువ్వాలు బిగుతుగా ఉంచడం కిటికీ పక్క ఇద్దరి బాధ్యత. బ్రేకు పడితే మొత్తం ఒళ్ళోకి జారేది, అప్పుడు ఎవరి ముక్కలు ఎవరివన్న పంచాయితీ గుంటూరు దాకా. అక్కడ ఆడిన కొందరు ఏ క్లబ్బు ఆటగాడికీ తీసిపోరు. పందెమే ఆడనివాళ్ళు.

క్లబ్బులు పగలు తలుపులు తెరుచుకుని నడవడానికి ఒక తీర్పు కారణం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకీ మధ్య కేసులో సుప్రీంకోర్టు 1967లో రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అంది. సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని మీద హైదరాబాద్ గ్యాంబ్లింగ్ చట్టం కింద పెట్టిన కేసది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారేయాలో తెలియాలి అని జస్టిస్ హిదాయతుల్లా రాశారు. మూడు ముక్కలాట వేరు, అది కేవలం అదృష్టమేనని కూడా అందులోనే ఉంది. ఆ తీర్పులో రెండో సగం ఎవరూ చెప్పుకోరు. పందెం కట్టి ఆడే ఆట మీద క్లబ్బువాడు లాభం తీసుకుంటుంటే నేరం అవ్వొచ్చని కూడా అన్నారు. కుర్చీకి, ముక్కలకి రుసుము తీసుకోవడం ఒకటి, పూల్‌లోంచి వాటా తీయడం ఇంకొకటి. 1974లో రాష్ట్ర గేమింగ్ చట్టం వచ్చాక దాడులన్నీ ఈ గీత దగ్గరే జరిగేవి. పోలీసులు ముందు అడిగేది టేబుల్ డబ్బుల పుస్తకం.

మూడు ముక్కలు, లోపలా బయటా (అందర్ బాహర్) ఆడేవాళ్ళని రమ్మీ బల్లలవాళ్ళు ఆటగాళ్ళుగా లెక్కేసేవాళ్ళు కాదు. లోపలా బయటలో మొదటి ముక్క పడే వైపుకి నూటికి 51న్నర పాళ్ళు గెలుపు, అంతకుమించి తెలుసుకోవాల్సిందేమీ లేదు. సంక్రాంతికి బరుల దగ్గర అది ఆడించేవాడు బతుకుతాడు, ఆడేవాడు బతకడు.

పోకర్ ఇక్కడికి ఫోన్లలో వచ్చింది. ఇంజనీరింగు కాలేజీల కుర్రాళ్ళు రెండు ముక్కల హోల్డెమ్ నేర్చుకుని, కొందరు గోవా మాండవి నది మీది పడవ కాసినోల దాకా వెళ్ళారు. వాళ్ళకి దేవుడు క్రిస్ మనీమేకర్. అమెరికాలో టెన్నెస్సీ రాష్ట్రం అకౌంటెంటు, ఆన్‌లైన్ చిన్న పోటీలో గెలిచి 2003 వరల్డ్ సిరీస్ పోకర్ పోటీకి వెళ్ళి, 839 మందిలో మొదటివాడై 25 లక్షల డాలర్లు కొట్టాడు. 2017లో నిపుణ్ జావా, ఆదిత్య సుశాంత్ జంటగా ఆడి లాస్ వేగాస్‌లో అదే వరల్డ్ సిరీస్‌లో విజేతకిచ్చే బ్రేస్లెట్ తెచ్చుకున్నాక మనవాళ్ళకీ ధైర్యమొచ్చింది. పాత రమ్మీవాళ్ళకి మాత్రం స్టూ ఉంగర్ కథ చెప్పాలి. న్యూయార్క్ మనిషి, ఇద్దరాడే జిన్ రమ్మీలో అతనితో ఆడటానికి మనిషి దొరకని స్థితి తెచ్చుకున్నాడు. ఎవరూ కూర్చోకపోయేసరికి పోకర్‌కి మారి 1980, 1981లో వరుసగా, మళ్ళీ 1997లో వరల్డ్ సిరీస్ ప్రధాన టైటిల్ గెలిచాడు. మరుసటి ఏడాదే పోయాడు, చేతిలో దాదాపు ఏమీ లేకుండా. ఆట తెలియడం వేరు, డబ్బు నిలుపుకోవడం వేరు అని బ్రాడీపేటలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు.

రెండు ఆటల మధ్య దేన్ని మోసుకెళ్ళొచ్చో చూస్తే, పారేయడం మొదటిది. తొమ్మండుగురి పోకర్ బల్లలో వృత్తివాడు పదింట ఎనిమిది చేతులు ముట్టుకోడు. జత ఆసులు 221 పంపకాలకి ఒకసారి వస్తాయి, వాటి కోసం కాచుక్కూర్చుంటే బ్లైండ్లు, అంటే ముక్కలు చూడకముందే వంతులవారీగా కట్టాల్సిన పందేలు, తినేస్తాయి కాబట్టి ఆ మిగతా రెండింటిని ఎంచుకోవడంలోనే పనితనం. చివర మాట్లాడేవాడికి లాభమన్నది రెండోది, రమ్మీ స్కూటులో ఉన్నదే. ఎదురుచూసే ముక్కల లెక్క మూడోది. ఒకే రంగు ఐదు కావాల్సినచోట నాలుగుంటే తొమ్మిది ముక్కలు పనికొస్తాయి. ఫ్లాప్, అంటే బల్ల మీద అందరికీ తెరిచే మొదటి మూడు ముక్కలు, తర్వాత ఆ తొమ్మిదిని నాలుగుతో, ఇంక ఒక్క ముక్కే ఉంటే రెండుతో గుణిస్తే నూటికి ఎంత అవకాశమో దాదాపుగా వస్తుంది. మోసుకెళ్ళలేనిది పడ్డ ముక్కల జ్ఞాపకం. పోకర్‌లో పారేసిన ముక్కలు ఎవరికీ చూపరు, చదవాల్సింది పందెం సైజుల్ని. రమ్మీలో నలభై ఏళ్ళు పండినవాళ్ళు కొందరు పోకర్‌లో తేలిపోయింది ఇక్కడే. చేయి లేకుండా డబ్బు ముందుకి తోయడం వాళ్ళకి రాంగ్ షోలా అనిపించేది. అలాగే కుర్రాళ్ళు తేలిపోయింది నిలవ దగ్గర. ఒక బల్లకి తీసుకెళ్ళే డబ్బుకి ఇరవై ముప్ఫై రెట్లు వెనక ఉండాలి, టోర్నమెంట్లకయితే వందకి పైన. ఆరు నెలలు వరుసగా ఓడటం నైపుణ్యం ఉన్నవాడికీ జరుగుతుంది.

2020 సెప్టెంబరులో రాష్ట్రం ఆన్‌లైన్ రమ్మీనీ, పోకర్‌నీ ఆపేసింది. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ పార్లమెంటు నిషేధించింది. ఫోన్‌లో నేర్చుకున్నవాళ్ళలో చాలామందికి ముక్కలు చేత్తో కలపడం రాదు. పెళ్ళి విడిదిలో పేక ఇస్తే అది తెలిసిపోతుంది, తెరే అన్నీ సర్ది ఇచ్చేది మరి. పడిన ముక్కలు గుర్తుపెట్టుకునే అలవాటు కూడా లేదు, వేలితో నొక్కితే జాబితా కనపడేది.

ఇరవై ఒక్క ముక్కలాట మాత్రం ఫోన్లవల్ల కాదు, అంతకు ముందే తగ్గింది. మూడు పేకలు కావాలి, 21 ముక్కలు పట్టుకునే చేయి కావాలి, ఒక పంపకానికి అరగంట పట్టేది. మూడు ఒరిజినల్స్ పడితే గానీ మిగతా ముక్కలకి విలువ లేదు. లేకపోతే ఎనిమిది డబ్లీలతో, అంటే ఒకే అంకె ఒకే రంగు జతలతో షో కొట్టాలి. ఒకేలాంటివి మూడూ చేతిలో పడితే టన్నెలా, ఒరిజినల్‌తో సమానం. స్కూట్ 30, మిడిల్ 70, ఫుల్ 120. తిప్పిన జోకరుకి పైముక్క, కిందిముక్క అదే రంగువి అయితే వాటికీ విలువ. మూడూ కలిసి చేతిలో ఉంటే మ్యారేజ్, దానికి షోతో సంబంధం లేకుండా అందరూ కట్టాలి. గొడవలన్నీ ఈ విలువల దగ్గరే. రెండు జోకర్లకి ఎంత, మూడుకి ఎంత, స్కూటయినవాడు మ్యారేజ్‌కి కట్టాలా వద్దా, బెజవాడలో ఒక మాట, గుంటూరులో ఇంకో మాట, ఒకే వీధిలో రెండు క్లబ్బుల్లో రెండు మాటలు. ఇప్పటికీ దీపావళికి ఇంట్లో ఈ ఆట వేసేవాళ్ళు ముందు ఒక కాగితం తీసుకుని ఆ నాలుగు అంకెలూ రాసి, అందరిచేతా ఊఁ అనిపించి, ఆ కాగితం దుప్పటి కింద పెట్టి అప్పుడు పంచితే మంచిది. బాబాయిలు, మేనమామలు కలిసే ఇళ్ళయితే సంతకాలు కూడా.